వైధవ్యమున దొరకిన నెచ్చెలులు: పండిత రమాబాయి చరిత్రము

1882 వ సంవత్సరము ఫిబ్రవరి 4 వ తేదీన, వంగదేశమునకు ఈశాన్యముననున్న సిల్చారు పట్టణమునందు, బిపిన్ బిహారీ మేధావి యను న్యాయవాది విషూచి జాడ్యముచే మరణించెను. ఆయన భార్యకు అప్పటికి ఇరువదిమూడేండ్లు. చంకనున్న ఆడుబిడ్డకు ఏడాదియైనను నిండలేదు. ఆ దంపతుల కాపురము పూర్తిగా రెండేండ్లు సాగినది కాదు. మన దేశమున అట్టి యువతికి పుట్టినిల్లో మెట్టినిల్లో, ప్రేమతోనో ఈసడింపుతోనో, తల దాచుకొన నొక మూలను చూపుట కలదు. ఈమెకు ఆ మూలయును లేకపోయెను. తల్లిదండ్రులు కాటకమున గతించిరి. అక్కయు వారి వెంటనే పోయెను. మిగిలిన యన్న 1880 లో కన్నుమూసెను. భర్త వేరొక కులమువాడు, వేరొక ప్రాంతమువాడు అగుటచే ఇరువంకల బంధువులును ఆ దంపతులకు దూరమై యుండిరి. ఆ యువతియే పండిత రమాబాయి.

ఆంధ్రులు ఈ తేదీని మఱియొక తేదీతో కలిపి జ్ఞాపకముంచుకొనదగును. దీనికి రెండు మాసములకు లోపుగనే, 1881 డిసెంబరు 11 వ తేదీన, రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించి యుండిరి. వైధవ్య దుఃఖమునకు పంతులుగారు చూపిన మందు పునర్వివాహము. రమాబాయి తన దుఃఖములోనుండి కనుగొన్నది వేరొక మందు. భర్తను పోగొట్టుకొన్న స్త్రీ ప్రక్కన అట్టి స్త్రీయే వేరొకతె కూర్చుండవలెను, ఇరువురును కలసి చదువవలెను, కలసి భుజింపవలెను, నలుగురై పదుగురై ఒక యింటివారు కావలెను. ఈ రెండు మందులకును పరస్పర విరోధము లేదు. రెండవదానిని గూర్చి మన పత్రికలలో వ్రాయబడినది మాత్రము తక్కువ.

రమాబాయి 1858 ఏప్రిలు 23 వ తేదీన సహ్యాద్రి కొండలలోని గంగామూలమను చోట జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే మహాపండితుడు, చిత్పావన బ్రాహ్మణుడు. స్త్రీకి సంస్కృతము నేర్పుట తప్పుగాదని శాస్త్రప్రమాణములతో వాదించి, తన భార్య లక్ష్మీబాయికి తానే గురువయ్యెను. ఆ తల్లి తన కూతునకు వేకువజామున పాఠము చెప్పెను. పదునెనిమిదివేల శ్లోకముల భాగవతమును ఈ బాలిక చిన్ననాడే కంఠస్థము చేసెనని ప్రతీతి. ఆ కుటుంబము ఒకచోట నిలువక, పుణ్యక్షేత్రములు తిరుగుచు, దేవాలయ మంటపములలో పురాణము చదివి, శ్రోతలు సమర్పించిన దానితో జీవించెడిది.

ఈ యాత్రలలోనే వారు మన తిరుపతి కొండకు వచ్చిరి. అది దక్షిణదేశమున ఘోరమైన కాటకము చెలరేగిన కాలము. చేతిలోని ద్రవ్యము దానధర్మములకును వ్రతములకును వ్యయమైపోయెను. కూలిపని చేయుట కులగౌరవము కాదని యెంచిన కుటుంబమగుటచే ఉదరపోషణకు వేఱు మార్గము తోచలేదు. కడపటి బియ్యపుగింజ ముగిసిన దినమున అందఱును ఆ యడవిలో ప్రాణములు విడుతమని నిశ్చయించుకొని, పదునొకండు దినములు ఆకులును నీళ్లును అడవి ఈతపండ్లును తిని కాలము గడపిరి. కన్నులు కానరాని ముదుసలి తండ్రి 1874 లో ఈ బాధలకే బలియయ్యెను. కొలది వారములకు తల్లియు రాయచూరున మరణించెను. ఆమె శవమును మోయుటకు నలుగురు బ్రాహ్మణులు దొరకలేదు. ఇరువురు మాత్రము దయదలచిరి. మూడవవాడు కొడుకు. నాలుగవ మనిషి రమాబాయి. పదునాఱేండ్ల ఆ పిల్ల పొట్టిది యగుటచే భుజమున కందక, పాడెకొమ్మును తలపై నెత్తుకొని మైళ్ల దూరము నడచెను. ఈ దృశ్యమును మఱచి ఆమె తరువాతి నడతను తూచుటకు కూర్చున్న విమర్శకులు పెక్కండ్రు కలరు.

అన్నాచెల్లెండ్రు నాలుగేండ్లు దేశమంతయు కాలినడకను తిరిగి 1878 లో కలకత్తా చేరిరి. అచటి విద్వాంసులు ఆమెను పరీక్షించి ఆశ్చర్యపడి పండిత యనియు సరస్వతి యనియు బిరుదము లొసంగిరి. ఇరువదేండ్లకే ఆమె పేరు దేశమున మ్రోగెను. కాని కీర్తియు స్నేహమును ఒకటి కావు. సభలో పూలమాల వేసినవారు ఆమె యన్న మరణించిన రాత్రి ఆమె ప్రక్కన కూర్చుండలేదు. బిపిన్ బిహారీతో వివాహము ఆ యొంటరితనమునకు కొంత విరామము. అదియు సిల్చారులో ముగిసెను.

వితంతువై రమాబాయి చేసిన మొదటి పని తనకు నెచ్చెలులను వెదకుకొనుట. సంఘసంస్కారులు పిలువగా 1882 ఏప్రిలులో బిడ్డతో పూనా చేరెను. అచట ఆమెకు లభించిన తొలి స్నేహితురాలు, ఆమె పేరు గలదియే, న్యాయాధిపతి మహాదేవ గోవింద రానడే భార్య రమాబాయి రానడే. ఒకతె పరిత్యక్త వితంతువు, మఱియొకతె ఘనమైన యింటి సువాసిని. వయసున నాలుగైదేండ్ల వ్యత్యాసము. ఇరువురును ఒకే ఆంగ్ల యువతి యొద్ద ఇంగ్లీషు నేర్చుకొనిరి. ఈ స్నేహమునకు రానడేగారి యింటి పెద్ద స్త్రీలు విధించిన శిక్ష చిన్నది కాదు. పండిత ప్రసంగమునకు పోయి వచ్చిన దినమున ఆ యిల్లాలు వంటింటిలో ఎన్ని యెత్తిపొడుపులు పడెనో, ఎన్ని మాటలకు మాఱు పలుకక తల వంచుకొని పని చేసెనో, ఆమె తన జ్ఞాపకములలో తానే వ్రాసికొన్నది. అయినను పోవుట మానలేదు. నాకు చూడ ఆ కాలపు సంస్కారోద్యమమున సభలలోని తీర్మానములకంటె ఈ మౌనపు పట్టుదల బరువైనది.

వారిరువురును పూనా కుటుంబినులు కొందఱును కలసి 1882 లో ఆర్య మహిళా సమాజమును నెలకొల్పిరి. పురుషులు స్త్రీలను గూర్చి మాటలాడు సభలు అప్పటికే కలవు. స్త్రీలు స్త్రీలతో మాటలాడుకొనుటకు ఏర్పడిన చోటు ఇది. ఆ యేడే హంటరు విద్యాసంఘము ముందు రమాబాయి సాక్ష్యమిచ్చి, బాలికల పాఠశాలలకు ఉపాధ్యాయినులు కావలెననియు, పరీక్షాధికారులుగను స్త్రీలే యుండవలెననియు, స్త్రీలకు వైద్యము చేయుటకు స్త్రీలే చదువవలెననియు కోరెను. స్త్రీ ధర్మ నీతి యను గ్రంథమును మరాఠీలో ప్రకటించెను.

వైద్యము నేర్వవలెనను కోరికతో 1883 లో ఆమె ఇంగ్లండునకు పోయెను. ఆనందీబాయి భగత్ అను స్నేహితురాలు తోడు వెళ్లెను. వాంటేజి యను పట్టణమున క్రైస్తవ సన్న్యాసినుల మఠములో వారు దిగిరి. కొలది మాసములలోనే ఆ స్నేహితురాలు మనస్సు చెదరి ఆత్మహత్య చేసికొనెను. పరదేశము, పరభాష, చలి, చేతిలో రెండేండ్ల బిడ్డ, ఎదుట చెలికత్తె శవము. ఆ సెప్టెంబరు 29 న రమాబాయి బిడ్డతోగూడ క్రైస్తవ మతమున దీక్ష గైకొనెను. ఈ మార్పు ఆ యఘాతమున జరిగినదనువారును, చిరకాల విచారణ ఫలమనువారును కలరు. ఒకరి యంతరాత్మలో జరిగిన దానికి బయటనుండి తీర్పు చెప్పుటకు ఈ వ్యాసకర్త సిద్ధముగా లేడు. దీనివలన స్వదేశమున ఆమెకు స్నేహితులు తగ్గిరనుట మాత్రము నిజము.

ఇందు చిత్రమేమనగా, మతము మార్చుకొన్నను ఆమె ఎవరికిని లొంగలేదు. మాంసము ముట్టలేదు. సిలువపై లాటిను అక్షరము లుండవలెనన్నచో సంస్కృతమేల కూడదని వాదించెను. ఆమె పురుషులకు పాఠము చెప్పరాదని బిషప్పులు అభ్యంతరము చెప్పగా, తన తండ్రి కట్టని కట్టును తనకు పరులు కట్టుటేమని కోపించెను. వాంటేజిలో తనకు గురువైన సిస్టరు జెరాల్డీనుతో ఆమె జరిపిన ఉత్తరప్రత్యుత్తరములు చదువువారికి, ఆశ్రయమిచ్చినవారు యజమానులు కాజూచినపుడు స్నేహ మెట్లు నలుగునో తెలియును. చెల్టెన్‌హాము కళాశాలాధ్యక్షురాలు డొరొతియా బీల్ మాత్రము ఆమెను సమానురాలిగా నెంచి, మతవిషయములందును తర్కించి, ఓపికతో వినెను. చెవుడు ముదిరినందున వైద్యవిద్య ఆశ వదలుకొని, రమాబాయి ఆ కళాశాలలోనే చదువుచు సంస్కృతము బోధించెను.

1886 లో ఆమె అమెరికాకు పోయినది ఒక స్నేహితురాలి కొఱకే. తన దూరపు బంధువైన ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియా స్త్రీవైద్య కళాశాలలో పట్టము పుచ్చుకొనుచుండెను. ఆ మార్చి 11 వ తేదీన సభలో ఇరువురు మరాఠీ స్త్రీలు కలసికొనిరి. ఆనందీబాయికి ఇరువదేండ్లు. ఆమె మతము మార్చుకొనలేదు. రమాబాయి మార్చుకొన్నది. ఆ భేదము వారి నడుమ అడ్డుగా నిలువలేదు. కొలది మాసములకు రోగియై స్వదేశమునకు మఱలిన ఆనందీబాయి 1887 ఫిబ్రవరిలో పూనాలో క్షయచే మరణించెను. రమాబాయి ఆ సంవత్సరమే ప్రకటించిన ఆంగ్ల గ్రంథమున ఉన్నతకులపు హిందూ స్త్రీ దుస్థితిని లోకమునకు చూపెను. ఆ గ్రంథమును తన తల్లి స్మృతికి అంకితము చేసెను. దానిని చదివిన అమెరికనులు 1887 డిసెంబరులో బోస్టనునందు రమాబాయి సంఘమును స్థాపించి, పది సంవత్సరములు ధనసహాయము చేయుదుమనియు, వితంతువులకు మతబోధ యుండరాదనియు నిర్ణయించిరి.

1889 మార్చి 11 వ తేదీన బొంబాయి చౌపాటీయందు శారదా సదనము తెఱవబడెను. ఆ యింటిలో చేరిన మొదటి వితంతువు గోదూబాయి. ఆమె కథ చెప్పనిది రమాబాయి కథ తెలియదు. కొంకణమునందలి దేవరుఖ్ గ్రామపు బీద బ్రాహ్మణుని కూతురు. ఎనిమిదేండ్లకు వివాహము. పెండ్లిబట్టలు మాయకముందే, కొలది మాసములకు భర్త పోయెను. ఇరువదిమూడేండ్ల ప్రాయము వచ్చువఱకు అత్తవారి యింటిలోను పుట్టినింటను పొలము పనియు పిడకల పనియు చేయుచు, క్షౌరపు తలతో, అక్షరము ముక్క రాక గడపెను. ఆమె యన్న నరహరిపంతు బొంబాయిలో చదువుచు ధైర్యము చేసి చెల్లెలిని తెచ్చి సదనమున చేర్చెను. ఇరువదేండ్లు దాటిన మనిషి పలకమీద ఓనమాలు దిద్దుటకు సిగ్గుపడును. ఉపాధ్యాయిని యుసుఱు తీయునేమోయని భయపడును. ఆ యింటిలో ఉపాధ్యాయినియే వితంతువు. అదియే ఆ యింటి రహస్యము.

సదనమున బ్రాహ్మణాచారమును ఎవరును చెఱుపరాదని కట్టడి యుండెను. వంటవారు బ్రాహ్మణులు. పూజలు చేసికొనువారు చేసికొనవచ్చును. చదువు మాత్రము అందఱికిని. మన యిండ్లలో వితంతువు పెండ్లిపందిట నిలువరాదు, పయనమునకు ఎదురు రారాదు, పూవు ముట్టరాదు, రెండుపూటలు తినరాదు. ఆ యింటిలో అందఱును ఎదురు వచ్చెడివారే యగుటచే శకునము చూచువారే లేకపోయిరి. తల వెండ్రుకలు పెంచుకొనుటకు ఇష్టపడినవారిని ఎవరును ఆక్షేపింపరైరి. తోటలో పూచిన పూలు అందఱివియును. పదేండ్లుగా నవ్వి యెఱుగని పిల్లలు ఒకరినొకరు చూచి నవ్వుట అచటనే నేర్చిరి. ఇదంతయు చిన్న సంగతియని తలచువారు తమ యింటనే తెల్లచీర కట్టిన మేనత్త నొకమారు తలంచుకొనవలెను.

ఆ డిసెంబరులోనే బొంబాయిన జరిగిన అయిదవ కాంగ్రెసు సభకు ప్రతినిధులుగా వచ్చిన కొలదిమంది స్త్రీలలో రమాబాయి యొకతె. మన జాతీయ మహాసభలో స్త్రీలు ప్రతినిధులుగ కూర్చుండుట అదియే మొదలని మనము గుర్తుంచుకొన్నాము. వారిలో ఒక వితంతువు కలదని గుర్తుంచుకొన్నామో లేదో.

1890 లో సదనము పూనాకు మాఱెను. మూడేండ్లకు, 1893 మార్చి 11 న, సరిగా సదనము తెఱచిన నాటికి నాలుగేండ్లకు, గోదూబాయి ధోండో కేశవ కర్వేను వివాహమాడెను. కర్వే ఆమె యన్నకు సహాధ్యాయి. భార్య మరణింపగా వితంతువునే చేసికొందునని నిశ్చయించినవాడు. స్వగ్రామమగు మురూడున ఆయనను వెలివేసిరి. ఆ వెలిని దంపతులిరువురును భరించిరి. 1896 లో కర్వే వితంతువుల కొఱకు పూనాలో ఆశ్రమమును స్థాపించి, 1900 లో దానిని హింగణే గ్రామమునకు మార్చెను. గోదూబాయి చెల్లెలు పార్వతీబాయి ఆఠవలేయును వితంతువే. ఆమె ఆ యాశ్రమమునకు ఊరూరు తిరిగి చందాలు కూర్చెను, అమెరికా వఱకును పోయెను. చౌపాటీలో ఒకతె కొకతె దొరకిన తోడు ఎన్ని కొమ్మలై సాగినదో లెక్కింప కష్టము. మన గుంటూరున ఉన్నవ లక్ష్మీబాయమ్మగారును లక్ష్మీనారాయణగారును శారదా నికేతనమును 1922 లో నెలకొల్పిరి. ఆ పేరును విన్న మరాఠీలకు చౌపాటీ యిల్లు జ్ఞప్తికి వచ్చియే యుండును.

గోదూబాయి వివాహ సంవత్సరమే సదనమునకు గండమును తెచ్చెను. రమాబాయి తన గదిలో కూతుతో ప్రార్థన చేసికొనుచు తలుపు తెఱచి యుంచెను. కొందఱు వితంతువులు వచ్చి కూర్చుండసాగిరి. తాను ఎవరిని పిలువలేదని ఆమె వాదము. తలుపు తెఱచుటయే పిలుపని ఎదుటివారి వాదము. కేసరి పత్రిక తీవ్రముగా ఖండించెను. సలహాసంఘమునుండి రానడే, భండార్కరు తప్పుకొనిరి. ఇరువదియైదుగురకు మించకుండ బాలికలను తలిదండ్రులు తీసికొనిపోయిరి.

ఈ విషయమున పక్షపాతము లేక చెప్పవలెనన్నచో కేసరి కోపము అకారణము కాదు. మతబోధ యుండదను మాటను నమ్మి పిల్లలను పంపినవారికి ఆ మాట అక్షరాలా కాక అర్థమునందును నిలువవలెనని కోరు హక్కు కలదు. ఏ దిక్కును లేని వితంతువునకు తల్లివంటి మనిషి మతము ఊరకయే ఆకర్షణగా నుండును. రమాబాయికి ఆ సంగతి తెలియకపోదు. కాని ఖండించినవారు ఒక ప్రశ్నకు ఉత్తరము చెప్పలేదు. ఆ యిరువదియైదుగురిని ఏ యింటికి కొనిపోయిరి? పలక విడచి మఱల పిడకలకు పోయినవారి పేరు ఏ పత్రిక వ్రాసెను? గోదూబాయి రమాబాయి నీడన నాలుగేండ్లుండియు హిందువుగానే బయటికి వచ్చెను. నాడు వ్రాసినవారు దీనిని కూడ వ్రాసియుండిన న్యాయముగా నుండెడిది. కర్వే ఆశ్రమము మూడేండ్లకు పిమ్మట వచ్చినది. దానికి ముందు పూనాలోని మన పెద్దలు అట్టి యింటిని కట్టలేదు.

1896-97 నాటి కాటకము రమాబాయిని మఱల తన బాల్యమునకు ఈడ్చుకొనిపోయెను. మధ్యపరగణాలకు తానే పోయి, ఎముకల గూళ్లుగా మిగిలిన సుమారు మూడువందల బాలికలను వితంతువులను తెచ్చెను. అప్పుడు పూనాలో మహామారి ప్లేగు. అంతమందిని పట్టణమున నుంచరాదని అధికారులు శాసింపగా, పూనాకు ముప్పది నలుబది మైళ్లలోనున్న కేడ్గాం పొలమునకు తరలించి, ఆ చోటునకు ముక్తి యని పేరిడెను. ప్లేగు శిబిరములలో స్త్రీలకు జరుగుచున్న అవమానములను గూర్చి ఆమె పత్రికకు బహిరంగముగ వ్రాసి గవర్నరు సాండ్‌హర్‌స్ట్ ప్రభుత్వమును నిలదీసెను. ప్రభుత్వమునకు కంటక మైనందున ఆ దినములలో కేసరియును ఆమెయును, ఒకరితో నొకరు మాటలాడకయే, ఒకే వంకన నిలిచిరి. 1900 లో గుజరాతు కాటకబాధితులును చేరగా ముక్తి జనము సుమారు రెండువేలకు పెరిగెను. నేత, ముద్రణాలయము, గానుగ, పాడి, తోట, వంట, కుట్టుపని, అంధులకు వ్రేళ్లతో చదువు నేర్పు తరగతి, అన్నియు స్త్రీలే నడపిరి. ఇక్కడ శారదా సదనపు కట్టడి లేదు. ముక్తి క్రైస్తవ సంస్థయే. ఈ భేదమును దాచుట చరిత్రకు తగదు.

పూర్వస్నేహితురాలు రమాబాయి రానడేకు 1901 జనవరిలో వైధవ్యము ప్రాప్తించెను. కొంతకాలము ఎవరికిని కనబడక యింట నుండి, పిమ్మట చెఱసాలలోని స్త్రీలను చూడబోవుచు, 1909 లో పూనా సేవాసదనమును స్థాపించెను. ఇరువదియేడేండ్ల క్రిందట ఏ వితంతువు ప్రసంగమునకు పోయి నిందలు పడెనో, ఆ వితంతువు చేసిన పనియే తాను వేరొక మార్గమున చేపట్టెను. వారి దారులు వేఱుపడి చాలకాలమై యుండెను.

రమాబాయి చివరి యేండ్లు బైబిలును మూలభాషలు నేర్చి సామాన్య స్త్రీలకు తెలియు మరాఠీలోనికి తెచ్చుటయందు గడచెను. అచ్చు పనియు ముక్తి స్త్రీల చేతిదే. 1919 లో ప్రభుత్వము కైసరిహింద్ పతక మొసంగెను. తరువాత సంస్థను నడపునని నమ్మియున్న కూతురు మనోరమ, నలుబదియేండ్ల వయసున, 1921 జులైలో మరణించెను. సిల్చారునుండి చంకనెత్తుకొని వచ్చిన బిడ్డ. ఆ దెబ్బ తగిలిన తొమ్మిది మాసములకు లోపుగ, 1922 ఏప్రిలు 5 వ తేదీన, కేడ్గాంలో రమాబాయి నిదురలోనే కన్నుమూసెను. తల్లి పాడెకు నాలుగవ మనిషి దొరకక తల నొగ్గిన ఆమెను సాగనంపుటకు ఆ యుదయము ముక్తి యావరణమున వందలకొలది స్త్రీలు నిలిచి యుండిరి.